బావరి: గోదావరి ఒడ్డున భయాన్ని గెలిచిన పెద్దాయన

 

ఈసారి మీకు ఒక ముసలాయన జీవితం చెప్తున్నాం. ఆయన రాజ్యాలు ఏలలేదు, యుద్ధాలు గెలవలేదు. మన గోదావరి ఒడ్డున పాక వేసుకొని బతికాడు. పేరు బావరి. బుద్ధ భగవానుడు కాలినడకన ఊరూరా తిరుగుతున్న రోజుల్లోనే, మన దిక్కు నుంచి మనుషుల్ని పంపి ధమ్మాన్ని ఇంటికి తెప్పించుకున్న పెద్దాయన. అంటే ధమ్మం మనకు మొన్న మొన్న వచ్చింది కాదు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ మనకు తిరిగి ఇచ్చింది మన తాతముత్తాతల ఆస్తినే.

బావరి కథ మన ఉపాసకులు చాలామంది విన్నదే. పదహారు మంది శిష్యులు పోయారు, ప్రశ్నలు అడిగారు, జవాబులు దొరికాయి అని చెప్పుకుంటాం. కానీ ఆ కథ ఎక్కడ మొదలైందో గమనించారా? ఒక జబ్బుతో మొదలైంది. ముసలాయన అన్నం మానేశాడు, చిక్కిపోయాడు, నిద్ర పోయింది. ఆ జబ్బు పేరు భయం. అదే జబ్బు ఇప్పటికీ మన కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో మనుషుల ప్రాణాలు తీస్తోంది. అందుకే ఈ జీవితాన్ని మీ ముందు పెడుతున్నాం. నిదానంగా చదవండి. చదువు రాని పెద్దలు ఇంట్లో ఉంటే చదివి వినిపించండి.

ఎవరీ బావరి?

బావరి గురించి మనకు చెప్పేది సుత్తనిపాతంలోని పారాయణ వగ్గం. బౌద్ధ వాఙ్మయంలో బాగా పాత భాగాల్లో ఇదొకటి. దాని మీద తర్వాతి కాలంలో రాసిన అట్ఠకథ మరికొన్ని సంగతులు చెప్తుంది.

ఆయన పుట్టింది ఇక్కడ కాదు, ఉత్తరాన కోసల రాజ్యంలో. అట్ఠకథ ప్రకారం ఆయన రాజపురోహితుడు. ప్రసేనజిత్ రాజు చిన్నప్పుడు ఈయన దగ్గరే చదువుకున్నాడు. కావలసినంత పేరు, పైసలు, రాజుగారి అండ అన్నీ ఉన్నాయి. అయినా ముసలితనంలో అన్నీ వదిలిపెట్టి సన్యాసి అయ్యాడు. రాజు దగ్గరలోనే ఉండమని బతిమాలాడు. కొన్నాళ్ళు రాజోద్యానంలో ఉన్నాడు కానీ ఆ సందడి ఆయనకు పడలేదు. శిష్యుల్ని వెంటబెట్టుకొని దక్షిణాపథానికి నడిచి వచ్చాడు.

అస్సక రాజ్యం, అళక రాజ్యం కలిసేచోట, గోదావరి ఒడ్డున ఆయన ఆగాడు. అస్సకం అంటే పదహారు మహాజనపదాల్లో గోదావరి తీరాన ఉన్న మన జనపదం. దాని రాజధాని పోతన పట్టణమే నేటి బోధన్ అని చరిత్రకారులు చెప్తారు. గోదావరి రెండు పాయలుగా చీలి మధ్యలో ఒక లంక ఏర్పడిన చోట, వెలగ చెట్ల వనంలో బావరి ఆశ్రమం ఉండేదని అట్ఠకథ వర్ణిస్తుంది. అక్కడి రాజుల్ని అది అంధక రాజులు అంటుంది. నిర్మల్ జిల్లా ఖానాపూర్ మండలంలో గోదావరి రెండు పాయల నడుమ ఉన్న బాదనకుర్తే ఆ చోటని చాలామంది గుర్తించారు.

అక్కడ ఆయన ఎట్లా బతికాడు? కోతలైన చేలల్లో రాలిన గింజలు ఏరుకొని, చెట్ల పండ్లు తిని బతికాడు. పరిగె ఏరుకోవడం అంటే మనకు చెప్పాలా! మన అమ్మమ్మలు, నాయనమ్మలు దొరల చేలల్లో పరిగె ఏరుకొనే మనల్ని సాదారు. రాజుగారి గురువు కూడా చివరికి అదే తిండి తిన్నాడు. ఒక తేడా ఉంది. ఆయన ఇష్టపడి ఎంచుకున్నాడు, మన వాళ్ళకు వేరే దారి లేక తిన్నారు. ఆ తేడాను మనం మరిచిపోకూడదు. అయితే ఒక సంగతి: సాదా తిండితో, రోజూ నడకతో ఆయన నిండు ముసలితనం దాకా బతికాడు. ఆయన వయసు 120 ఏళ్ళని పారాయణ వగ్గం చెప్తుంది. ఆ అంకెను మీరు ఎట్లా తీసుకున్నా సరే, బాగా పండిన ముసలాయన అని మాత్రం తెలుస్తుంది.

శాపం

కొంతకాలానికి ఆశ్రమం పక్కన ఊరు పెరిగింది. ఊరి నుంచి ఆదాయం వచ్చింది. ఆ సొమ్ముతో బావరి ఒక పెద్ద యజ్ఞం చేశాడు. ఉన్నదంతా పంచిపెట్టి చేతులు దులుపుకొని పాకలోకి పోయాడు. అప్పుడే మరో బ్రాహ్మడు వచ్చాడు. కాళ్ళు వాచి ఉన్నాయి, తల నిండా దుమ్ము, పళ్ళు పాచిపట్టి ఉన్నాయి. బావరి లేచి ఎదురుపోయి, కూర్చోబెట్టి, కుశలం అడిగాడు. వచ్చినాయన తనకు ఐదు వందల నాణేలు కావాలన్నాడు. బావరి దగ్గర చిల్లిగవ్వ లేదు. ఉన్నదంతా ఇచ్చేశాననీ, మన్నించమనీ చెప్పుకున్నాడు.

వచ్చినాయన వినలేదు. అడిగింది ఇవ్వకపోతే ఏడో రోజున నీ తల ఏడు ముక్కలవుతుందని శపించాడు. ఏవో తంతులు కూడా చేసి పోయాడు.

ఇక్కడే ఆగి ఆలోచించండి. బావరి మూడు వేదాలు నేర్చినవాడు. ఐదు వందల మందికి చదువు చెప్పినవాడు. అంతటి వాడు ఒక కోపిష్టి మాటకు వణికిపోయాడు. తిండి మానేశాడు. ఒళ్ళు ఎండిపోయింది. ధ్యానంలో కూర్చున్నా మనసు నిలవలేదు. ఆయన ఒంట్లోకి రోగం బయటి నుంచి రాలేదు. మాట చెవిలో పడింది, చెవి నుంచి మనసులోకి పోయింది, మనసు నుంచి కడుపులోకి దిగింది. శాపాలకు, మంత్రాలకు బలం ఉందని జీవితమంతా ఆయనే నమ్మాడు, నలుగురికీ నేర్పాడు. చివరికి ఆ నమ్మకమే ఆయన మెడకు చుట్టుకుంది.

మన ఊళ్ళలో దీన్నే చేతబడి అంటారు, బాణామతి అంటారు. ఇంట్లో ఒకరికి జ్వరం తగ్గకపోతే, గొడ్డు పాలివ్వకపోతే, పసిబిడ్డ పాలు తాగకపోతే, ఎవరో చేశారని అనుమానం పుడుతుంది. ఆ అనుమానం ఎవరి మీదికి పోతుంది? వాడ చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ మీదికి, దిక్కులేని పేదోడి మీదికి. చెట్టుకు కట్టేసి కొట్టడం, పళ్ళు పీకడం, ప్రాణాలు తీయడం మన తెలంగాణ జిల్లాల్లో జరిగాయి. కొట్టినవాడూ మనవాడే, దెబ్బలు తిన్నదీ మనవాళ్ళే. మధ్యలో భూతవైద్యుడు మాత్రం పైసలు లెక్కపెట్టుకొని పోయాడు.

దయచేసి ఈ మాట ఇంటింటికీ చెప్పండి. రెండు రోజులు దాటినా జ్వరం తగ్గకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి, రక్తపరీక్ష చేయించాలి. వానాకాలంలో మన ఏజెన్సీ ఊళ్ళలో మలేరియా వస్తుంది, డెంగీ వస్తుంది. ఒళ్ళు నొప్పులని షాపులో దొరికిన నొప్పి గోలీలు మింగకండి. డెంగీ ఉంటే కొన్ని నొప్పి గోలీలతో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. డాక్టర్ చూసేదాకా జ్వరానికి పారాసిటమాల్ వరకే, అదీ మోతాదులోనే. దోమతెర కట్టుకోవాలి, ఇంటి చుట్టూ నీళ్ళు నిలవకుండా చూసుకోవాలి. అంత్రం తాయెత్తు కట్టించుకొని వారం రోజులు ఇంట్లో పండుకుంటే, ఆ వారమే ప్రాణం మీదికి తెస్తుంది.

పదహారు మంది తొవ్వ

బావరి దిగులు చూసి, ఆయన మేలు కోరిన ఒక దేవత వచ్చి, శపించినవాడికి తల గురించి ఏమీ తెలియదు, వాడు పైసల కోసం వచ్చిన కపటి, తల అంటే ఏమిటో, అది పగలడం అంటే ఏమిటో తెలిసినవాడు లోకంలో బుద్ధుడు ఒక్కడే అని చెప్పిందని గ్రంథంలో ఉంది. బుద్ధి ఒప్పుకోని దాన్ని బుద్ధుడి మాటగా తీసుకోవద్దని బాబాసాహెబ్ మనకు నేర్పాడు. కాబట్టి దేవత అన్నచోట మీరు మంచి కోరే ఒక పొరుగు మనిషి అని చదువుకున్నా కథకు లోటు లేదు. భయపడ్డ మనిషికి ముందు కావలసింది ధైర్యం చెప్పే ఒక గొంతు. వాడు అబద్ధం చెప్తున్నాడు, నీకేం కాదు, తెలిసినవాళ్ళ దగ్గరికి పో అని చెప్పే మనిషి. మన వాడలో ఆ గొంతు మీరే కావాలి.

బుద్ధుడు అన్న పేరు వినగానే బావరికి ప్రాణం లేచొచ్చింది. తాను నడవలేడు. అందుకని పదహారు మంది శిష్యుల్ని పిలిచాడు. అజితుడు, తిస్స మెత్తేయ్యుడు, పుణ్ణకుడు, మెత్తగు, ధోతకుడు, ఉపసీవుడు, నందుడు, హేమకుడు, తోదేయ్యుడు, కప్పుడు, జతుకణ్ణి, భద్రావుధుడు, ఉదయుడు, పోసాలుడు, మోఘరాజు, పింగియుడు. ఈ పేర్లు మన పిల్లలకు పెట్టుకోదగ్గ పేర్లు. వాళ్ళు గురువు కాళ్ళకు మొక్కి ఉత్తరం దిక్కు నడిచారు.

తొవ్వ చూడండి. ముందు గోదావరి ఎగువన ప్రతిష్ఠానం, అంటే నేటి పైఠాన్. అక్కడి నుంచి నర్మద ఒడ్డు మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతం, శ్రావస్తి, కపిలవస్తు, కుశీనగరం, పావా, వైశాలి. చివరికి మగధలో రాజగృహం దగ్గర పాషాణక చైత్యం. అన్ని వందల కోసులు కాళ్ళతోనే నడిచారు. ఇప్పుడు మనం రైల్లో టికెట్ బుక్ చేసుకొని బుద్ధగయ పోయొచ్చి యాత్ర చేశామంటాం. వాళ్ళు గురువు ప్రాణం కోసం నడిచారు.

ఆ నడకే ఒక వైద్యం. నడక వల్ల ఐదు లాభాలు ఉన్నాయని బుద్ధుడు భిక్షువులకు చెప్పాడు: ప్రయాణానికి ఒళ్ళు అలవాటు పడుతుంది, శ్రమకు తట్టుకుంటుంది, జబ్బులు తగ్గుతాయి, తిన్నది అరుగుతుంది, ఏకాగ్రత ఎక్కువసేపు నిలుస్తుంది. వైశాలిలో భిక్షువులు మంచి మంచి భోజనాలు తిని ఒళ్ళు బరువెక్కి జబ్బుపడుతుంటే, వైద్యుడు జీవకుడు చూసి బుద్ధుడికి చెప్పాడు. అప్పుడే నడిచేందుకు చంక్రమణ స్థలం, ఆవిరి స్నానానికి గది పెట్టుకోవడానికి బుద్ధుడు అనుమతించాడు. పొలం పనికి పోయేవాళ్ళకు వేరే నడక అక్కర్లేదు. కానీ బీడీలు చుడుతూ పొద్దంతా ఒకే చోట కూర్చునే అక్కలు, ఆఫీసుల్లో, దుకాణాల్లో కూర్చునే అన్నలు రోజుకు అరగంట నడవాలి. బీడీ ఆకు, తంబాకు పట్టిన చేతులు సబ్బుతో కడుక్కున్నాకే పసిపిల్లల్ని ఎత్తుకోవాలి, అన్నం ముట్టాలి.

తల అంటే ఏమిటి?

పదహారు మందీ పాషాణక చైత్యం చేరేసరికి బుద్ధుడు భిక్షువుల మధ్య కూర్చొని ధమ్మం చెప్తున్నాడు. అజితుడు ముందుగా గురువు సంగతి అడిగాడు: తల అంటే ఏమిటి, తల పగలడం అంటే ఏమిటి, మా గురువు భయం తీర్చండి.

బుద్ధుడు తాయెత్తు ఇవ్వలేదు, శాంతి చేయించమనలేదు, శాపానికి ఎదురు శాపం పెట్టలేదు. తల అంటే అవిద్య అన్నాడు. శ్రద్ధ, ఎరుక, ఏకాగ్రత, పట్టుదల, ప్రయత్నం తోడైన విద్యే దాన్ని పగలగొడుతుందన్నాడు. పగలాల్సింది బావరి తల కాదన్నమాట, దాని లోపల పేరుకున్న అజ్ఞానం. ఒక్క మాటతో శాపం విరిగిపోయింది. అజితుడు పట్టలేని సంతోషంతో గురువు తరఫున బుద్ధుడి పాదాలకు మొక్కాడు. బావరి, ఆయన శిష్యులు సుఖంగా, దీర్ఘాయువుతో ఉండాలని బుద్ధుడు దీవించాడు. మీకు ఏ సందేహం ఉన్నా అడగమన్నాడు.

వాళ్ళు ఒక్కొక్కరే అడిగారు. పుణ్ణకుడు యజ్ఞాల గురించి అడిగాడు. యజ్ఞాలు చేసేవాళ్ళు ఏదో దక్కాలన్న ఆశతోనే చేస్తారు, ఆ ఆశ ఉన్నన్నాళ్ళు ముసలితనాన్ని, పుట్టుకను దాటలేరని బుద్ధుడు తేల్చాడు. ధోతకుడు తనను అనుమానాల నుంచి విడిపించమని వేడుకున్నాడు. తాను ఎవరినీ విడిపించలేననీ, ధమ్మాన్ని తెలుసుకుంటే నీవే దాటుతావనీ బుద్ధుడు చెప్పాడు. బాబాలు, స్వాములు మిమ్మల్ని గట్టెక్కిస్తామని వచ్చినప్పుడు ఈ జవాబు గుర్తు తెచ్చుకోండి. సాక్షాత్తు బుద్ధుడే ఆ పని తన వల్ల కాదన్నాడు.

కొందరు అడుగుతారు: బావరి బ్రాహ్మడు కదా, ఆయన జీవితం మనకెందుకు? మంచి ప్రశ్నే. చూడండి, శపించినవాడూ బ్రాహ్మడే, వణికినవాడూ బ్రాహ్మడే. మంత్రానికి శక్తి ఉందని నమ్మితే అది ఎవరినీ వదలదు. మనల్ని వేల ఏళ్ళు అణిచి ఉంచింది కూడా ఆ భయమే కదా. బావరి గొప్పతనం ఆయన పుట్టుకలో లేదు. 120 ఏళ్ళ వయసులో తాను నేర్చిందంతా తప్పని తెలిస్తే, దాన్ని పక్కన పెట్టే ధైర్యం చేశాడు. ఇరవై ఏళ్ళ కుర్రాడు ఫోన్‌లో జాతకం చూసుకుంటున్న ఈ కాలంలో అది చిన్న సంగతి కాదు.

పింగియుడు తిరిగొచ్చాడు

చివరగా అడిగినవాడు పింగియుడు. ఆయనా ముసలివాడే. ఒళ్ళు వడలింది, చూపు మసకబారింది, చెవులు సరిగా వినపడవు. ఈ గందరగోళంలోనే చచ్చిపోకుండా నాకు ధమ్మం చెప్పండి అని అడిగాడు. శరీరం మీద మమకారం వల్లే మనుషులు బాధపడుతున్నారని, ఆ పట్టు వదలమని బుద్ధుడు చెప్పాడు.

అట్ఠకథ ఇక్కడ ఒక సంగతి చెప్తుంది, వింటే గుండె కరుగుతుంది. పింగియుడికి బావరి మేనమామ. బుద్ధుడు చెప్తున్నప్పుడు పింగియుడి మనసు మాటిమాటికీ గోదావరి ఒడ్డుకు పోయింది. ఇంత మంచి మాట మా మామ వినలేకపోయె కదా అని ఆయన కుమిలిపోయాడు. మిగిలినవాళ్ళు అర్హంతులయ్యారు, పింగియుడు మాత్రం ఒక మెట్టు కింద ఆగిపోయాడు. ప్రేమ వల్ల ఆగిపోయాడు. కానీ ఆ ప్రేమే ధమ్మాన్ని మనకు మోసుకొచ్చింది. ఆయన వెనక్కి నడిచి వచ్చి బావరికి అంతా చెప్పాడు.

తన కాళ్ళు ఇప్పుడు అంత దూరం పోలేవనీ, అయినా రాత్రీ పగలూ మనసు బుద్ధుడి దగ్గరే ఉంటోందనీ పింగియుడు మామకు చెప్పుకున్నాడు. ఇద్దరు ముసలివాళ్ళు గోదావరి ఒడ్డున కూర్చొని మాట్లాడుకుంటుంటే, బుద్ధుడు తమ ముందే నిలిచి మాట్లాడినట్టు వాళ్ళకు తోచింది. బావరి అనాగామి ఫలం పొందాడనీ, పింగియుడు అర్హంతుడయ్యాడనీ అట్ఠకథ ముగిస్తుంది. ఏడు రోజుల్లో చస్తానని వణికినవాడు చావు భయమే లేని స్థితికి చేరాడు.

ఈ పారాయణ వగ్గాన్ని నందమాత అనే ఉపాసిక తెల్లవారకముందే లేచి పాడుకునేదని అంగుత్తర నికాయం చెప్తుంది. మా అక్కలు, చెల్లెళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. మన గోదావరి కథను కాపాడినవాళ్ళలో ఒక గృహిణి ఉంది.

పింగియుడిని చూసి మన ముసలివాళ్ళను తలుచుకోండి. కొడుకు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటాడు, తల్లి ఒక్కతే ఇంట్లో. చూపు తగ్గితే ముసలితనం అని వదిలేస్తాం. అది శుక్లం అయితే ఆపరేషన్‌తో చూపు వస్తుంది. చెవుడుకు మిషన్ ఉంది. బీపీ, షుగర్ గోలీలు బాగున్నానని మధ్యలో మానకూడదు. షుగర్ ఉన్నవాళ్ళు రోజూ పాదాలు చూసుకోవాలి, చిన్న పుండునైనా నిర్లక్ష్యం చేయకూడదు. బాబాసాహెబ్ ఏళ్ళ తరబడి షుగర్ జబ్బుతో పోరాడుతూ రాత్రులు మేలుకొని మన కోసం రాశాడు. 65 ఏళ్ళకే మనల్ని విడిచిపోయాడు. ఆయన ఫోటోకు దండ వేసి, షుగర్ గోలీ మాత్రం మరిచిపోతే ఎట్లా?

కడుపు నొప్పి, విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న ఒక భిక్షువును బుద్ధుడు చూశాడు. ఆనందుడితో నీళ్ళు తెప్పించి, ఆయనతో కలిసి కడిగి, ఎత్తి మంచం మీద పడుకోబెట్టాడు. రోగులకు సేవ చేయడం తనకు సేవ చేయడమేనని సంఘానికి చెప్పాడు. మీ ఇంట్లో మంచం పట్టిన పెద్దల్ని కడిగే చేతులు ఏ పూజ చేసే చేతులకన్నా తక్కువ కాదు.

కల్లు, గుడుంబా గురించి ఒక మాట

పంచశీలలో ఐదోది మత్తుకు దూరంగా ఉండడం. బాబాసాహెబ్ 22 ప్రతిజ్ఞల్లో కూడా మద్యం తాగననే ప్రతిజ్ఞ ఉంది. మన జిల్లాల్లో కల్లు పేరుతో అమ్మేదాంట్లో చాలాచోట్ల మత్తుమందులు కలుపుతున్నారు. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం లాంటివి. ఏళ్ళ తరబడి అది తాగిన మనిషి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, లేనివి కనపడతాయి, ఫిట్స్ వస్తాయి. దాన్ని చూసి దయ్యం పట్టిందని గుళ్ళ చుట్టూ తిప్పుతారు. అది దయ్యం కాదు, మందు దొరక్క ఒళ్ళు చేసే గోల. మానాలనుకోవడం మంచిదే, కానీ డాక్టర్ దగ్గర చేరి మానాలి. దిగులు, భయం, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్ సేవ, పైసలు అడగరు. బావరికి ఆ రోజు దొరికిన ధైర్యపు గొంతు లాంటిదే ఇది.

పోదాం రండి

బావరి జీవితం చదివాక ఆ నేలను చూడాలని మీకు అనిపిస్తుంది. పోవాలి కూడా. పిల్లల్ని తీసుకొని పోవాలి.

మొదట బాదనకుర్తి. ఖానాపూర్ మీదుగా పోవాలి. అక్కడ చూడాల్సింది నది. రెండు పాయల నడుమ నిలబడి, పదహారు మంది ఏ దిక్కు నడిచారో పిల్లలకు చూపండి. వరద ఉన్నప్పుడు పోవద్దు. గోదావరిలో లోతు తెలియని చోట దిగొద్దు. బుద్ధుడి దగ్గర నదిలో మునిగితే పాపం పోవడం అన్నది లేదు, ప్రాణం పోవడం మాత్రం ఉంది.

రెండోది ధూళికట్ట. పెద్దపల్లి జిల్లా ఎలిగేడు మండలంలో ఉంది. క్రీస్తుకు పూర్వం నాటి బౌద్ధ స్తూపం అక్కడ ఉంది, దగ్గరలోనే పాత మట్టికోట ఉంది. బుద్ధుడి బొమ్మ చెక్కకుండా గుర్తులతోనే ఆయన్ను చూపిన కాలం అది. అక్కడ దొరికిన శిల్పాల్లో పడగ విప్పిన ముచలింద నాగుడు పేరుపొందింది. వానలో ధ్యానం చేస్తున్న బుద్ధుడికి ముచలిందుడు పడగ పట్టాడని కథ. అది కథలో పాము. పొలంలో పాము కరిస్తే మాత్రం పడగ పట్టదు. మంత్రగాడి దగ్గరికి పోవద్దు, కోసి రక్తం తీయవద్దు, తాడుతో బిగించి కట్టవద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, మనిషికి ధైర్యం చెప్పి, 108కి ఫోన్ చేసి వెంటనే విషానికి విరుగుడు సూది ఉన్న ఆస్పత్రికి తీసుకుపోవాలి.

మూడోది పెద్దబంకూరు, కోటిలింగాల. పెద్దపల్లి దగ్గరి పెద్దబంకూరు తవ్వకాల్లో శాతవాహనుల కాలపు ఇటుక బావులు, మట్టి ఒరల బావులు బయటపడ్డాయి. రెండు వేల ఏళ్ళ కిందటే మంచినీళ్ళ కోసం ఎంత తిప్పలు పడ్డారో చూడండి. భిక్షువులు కూడా నీళ్ళు వడగట్టే గుడ్డ వెంట ఉంచుకునేవాళ్ళు. జగిత్యాల జిల్లా వెల్గటూర్ మండలంలోని కోటిలింగాలలో తొలి శాతవాహన రాజు శ్రీముఖుడి నాణేలు దొరికాయి. ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ళలో ఆ నేల కొంత మునిగింది. ఈ చోట్ల దొరికిన వస్తువులు కరీంనగర్ మ్యూజియంలో ఉన్నాయి, పిల్లలకు తప్పక చూపించండి.

పోయేటప్పుడు ఈ జాగ్రత్తలు తీసుకోండి. ఎండాకాలంలో పొద్దున్నే బయలుదేరి, పదకొండు లోపల చూసేసి నీడకు చేరండి. మా దిక్కు ఎండ సంగతి మీకు తెలిసిందే. దూప వేయకముందే నీళ్ళు తాగండి. సద్దిలో అంబలి, మజ్జిగ, జొన్న రొట్టె కట్టుకోండి. విరేచనాలైతే ఓఆర్ఎస్ పొట్లం కలిపి తాగించండి. అది దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో సమంగా కొలిచి కలపండి. ఎండదెబ్బ తగిలి మనిషి సోయి తప్పితే, ఒళ్ళు తడిపి, విసురుతూ ఆస్పత్రికి తీసుకుపోండి. షుగర్ ఉన్నవాళ్ళు గోలీలు, జేబులో రెండు చాక్లెట్లు ఉంచుకోండి. స్తూపం ఎక్కి ఫోటోలు దిగొద్దు. ఇటుక ముక్క, పెంకు, నాణెం ఏదీ ఇంటికి తేవద్దు. అవి మనందరి పత్రాలు. మన చరిత్ర మనదని చూపే కాగితాలు లేనప్పుడు ఆ పెంకులే సాక్ష్యం చెప్తాయి.

కోసల రాజు ప్రసేనజిత్ సంగతి చెప్పి ముగిస్తాం. బావరి దగ్గర చదువుకున్న ఆ రాజు పెద్దయ్యాక తిండిపోతు అయ్యాడు. గంపెడన్నం తిని ఆయాసపడుతూ ఒకరోజు బుద్ధుడి దగ్గరికి వచ్చాడు. మితంగా తినేవాడికి బాధలు తగ్గుతాయి, ముసలితనం నిదానంగా వస్తుందని బుద్ధుడు చెప్పాడు. రాజు ఆ మాటను ప్రతి భోజనం దగ్గరా వినిపించడానికి ఒక కుర్రాడిని పెట్టుకున్నాడు. మెల్లమెల్లగా తిండి తగ్గింది, ఒళ్ళు తేలికైంది. గురువు అటు గోదావరి ఒడ్డున, శిష్యుడు ఇటు శ్రావస్తి కోటలో ఉండగా, ఇద్దరి జబ్బూ ఒకే వైద్యుడు నయం చేశాడు. ఒకరికి భయం, ఒకరికి తిండి.

మీ ఇంట్లో ఈ రెండింట్లో ఏది ఉందో చూసుకోండి. ఈ పున్నానికి నలుగురు కలిసి కూర్చున్నప్పుడు బావరి కథ చెప్పుకోండి. మీ వాడలో ఎవరి మీదైనా చేతబడి నింద పడితే, ఆ రాత్రే పోయి ఆ ఇంటి ముందు నిలబడండి. పోలీసులకు చెప్పండి, జ్వరమొచ్చిన మనిషిని ఆస్పత్రికి తీసుకుపోండి. అవిద్య తల పగలగొట్టడం అంటే అదే. మన గోదావరి మొదటి ఉపాసకుడికి మనం చేసే వందనం కూడా అదే.

జై భీమ్! నమో బుద్ధాయ!